రాసినవాళ్ళు నోరెత్తకూడదు

మా డిపార్టుమెంటులో వైవా అందరి వైవాల్లా ఉండదు. ఎకనామిక్స్, డేటా సైన్స్ కలిపి చెప్పే పీజీ కోర్సు కాబట్టి, ప్రతి ప్రాజెక్టుకీ ఎకనామిక్స్ వైపు నుంచి ఒకరినీ కంప్యూటర్ల వైపు నుంచి ఒకరినీ జంట కడతారు. తీరా పరీక్ష రోజున అంతా తారుమారు చేస్తారు. ప్రోగ్రాము రాసినవాళ్ళు ఎకనామిక్స్ చెప్పాలి. ఎకనామిక్స్ రాసినవాళ్ళు ఎగ్జామినరు కళ్ళముందు ప్రోగ్రాము నడిపి, వచ్చిన ఫలితానికి జవాబు చెప్పుకోవాలి. ఒకరి వంతు నడుస్తుంటే రెండోవాళ్ళు వెనక గోడ పక్కన కుర్చీలో కూర్చోవాలి. అక్కణ్ణుంచి నోరెత్తితే ఇద్దరికీ సున్నా.

ఈ నియమం పెట్టిన మహానుభావుడు మా గైడు. ఏం చెప్పినా "సగటున ఎంత?" అని అడుగుతాడు కాబట్టి అందరం ఆయన్ని సగటు మాస్టారు అంటాం. ఒకరి కష్టం మీద ఇంకొకరు డిగ్రీ కొట్టేయకుండా ఈ ఏర్పాటు చేశానంటాడు. న్యాయమే. కానీ నా జంట ఎవరో తెలిస్తే ఆ న్యాయం నాకెందుకు గొంతులో వెలక్కాయలా పడిందో మీకే అర్థమవుతుంది.

నా జంట మా తోడికోడలు. మా బావగారి భార్య. ఒకే ఇల్లు, ఒకే వంటగది. ఆవిణ్ణి అక్కా అంటాను. అక్క చాలా ఏళ్ళు కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పింది. నేను ఒక గోదాముల కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఈ కోర్సుకి ఒకరికి తెలియకుండా ఒకరం దరఖాస్తు పెట్టుకున్నాం. సీట్లు వచ్చాక కానీ గుట్టు బయటపడలేదు. మా అత్తగారు విని, "కోడళ్ళిద్దరూ ఒకేసారి బడికెళ్తున్నారన్నమాట. ఎవరు ముందు ఫెయిలైతే వాళ్ళే గిన్నెలు కడగాలి" అని తేల్చేసింది.

అక్క మాట్లాడితే వినాలనిపిస్తుంది. ధర ఎందుకు పెరిగిందో, కూలి ఎందుకు తగ్గిందో కథలా చెబుతుంది. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం పిల్లి అయిపోతుంది. తెరమీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే చాలు, "కంప్యూటరమ్మా, ఇదేదో అరుస్తోంది, ఇటు రా" అని కేకేస్తుంది. నేను వెళ్తాను, ఒక నిట్టూర్పు విడుస్తాను, రెండు మీటలు నొక్కి వచ్చేస్తాను. ముందే చెబుతున్నాను, నాకు ముక్కుమీద కోపం. నిట్టూర్పుతో ఆగానంటే అది పెద్దరికానికిచ్చిన గౌరవమే.

ఈ వైవా పోతే ఇద్దరం ఏడాదంతా మళ్ళీ చదవాలి. నగర రవాణా ప్రణాళిక ఆఫీసులో నాకు ఉద్యోగం ఖాయమైంది, కానీ డిగ్రీ చేతికొస్తేనే. వాళ్ళు ఏడాది ఆగరు. గోదాముల కంపెనీకి తిరిగి వెళ్ళడం నావల్ల కాదు. అంటే నా భవిష్యత్తంతా అక్క రెండు వేళ్ళ టైపింగు మీద ఆధారపడి ఉందన్నమాట.

మా ప్రాజెక్టు ఒక వంతెన గురించి. ఏటికి అవతలి పొలాల నుంచి కూరగాయల లారీలు ఒకప్పుడు చుట్టు తిరిగి వచ్చేవి. వంతెన తెరిచాక సూటిగా వస్తున్నాయి. మరి టమాటా ధర తగ్గిందా, తగ్గితే అది వంతెన పుణ్యమేనా? ఇదీ ప్రశ్న. వంతెన పక్కన ఒక మార్కెట్టుంది. ఊరికి రెండో చివర, ఆ వంతెనతో సంబంధం లేని మార్కెట్టు ఇంకోటి ఉంది. రెండింటి రోజువారీ ధరలూ తెచ్చి పోల్చాం. వంతెన వైపు ధర నిజంగానే తగ్గింది. రిపోర్టు అచ్చువేసి ఇచ్చేశాం.

పరీక్ష గదిలో పొడవాటి బల్ల, గోడమీద తెర, మూలనో చప్పుడు చేసే ఫ్యాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఒక పెద్దావిడ. బ్యాంకు పరిశోధన విభాగంలో రిటైరైందట. నవ్వదు, విసుక్కోదు. అలాంటివాళ్ళంటేనే నాకు భయం.

ముందు నా వంతు. "తగ్గిన ధర చూపిస్తే చాలదా? రెండో మార్కెట్టు ఎందుకు?" అని అడిగింది.

"మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారండి" అన్నాను. "మా బావగారి అబ్బాయిని ట్యూషన్‌లో వేశాం. మార్కులు పెరిగాయి. ట్యూషన్ మాస్టారు తన గొప్పే అన్నాడు. ట్యూషన్‌కి వెళ్ళని మా వాడి మార్కులు చూస్తే, వాడికీ అంతే పెరిగాయి. ఆ ఏడాది పేపరే సులువుగా ఇచ్చారు. రెండోవాణ్ణి చూడకపోతే మాకు తెలిసేది కాదండి."

సగటు మాస్టారు నవ్వాడు. ఆవిడ తలాడించి కాగితం మీద ఏదో రాసుకుంది. నేను గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇక అక్క వంతు.

అక్క చీర కొంగు బిగించి కంప్యూటరు ముందు కూర్చుంది. నాకు ఆవిడ వీపూ జడా, ఎదురుగా తెరా కనిపిస్తున్నాయి. ప్రోగ్రాము తెరిచింది. ఒక్కో భాగం ఏం చేస్తుందో తడుముకోకుండా చెప్పింది. ఫర్వాలేదే అనుకున్నాను. "ఇప్పుడు నడిపిస్తానండి" అని మీట నొక్కింది.

తెరమీద రెండు గీతలు వచ్చాయి. రెండో మార్కెట్టు గీత ఎప్పటిలా ఎగుడుదిగుడుగా ఉంది. వంతెన వైపు గీత మాత్రం కింద ఎడమ మూల మొదలై, మేడమెట్లు ఎక్కినట్టు పైకి, ఇంకా పైకి పోయింది. దాని కింద ఫలితం కనిపించింది. వంతెన వచ్చాక టమాటా ధర విపరీతంగా పెరిగింది!

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎగ్జామినరు అచ్చువేసిన రిపోర్టు తిప్పి చూసి, తెర చూసి, "మీ రిపోర్టులో తగ్గిందని రాశారు" అంది. అంతే.

తప్పు ఎక్కడో నాకు వెంటనే తోచింది. ముందురోజు ప్రోగ్రాము త్వరగా నడవాలని, ధరల్ని తేదీలతో కలిపే చోట నేను నాలుగు లైన్లు మార్చాను. అదే కొంప ముంచింది. 'తేదీలు కలిపే చోట చూడక్కా, అక్కడ నేను మార్చినవి తీసెయ్' అనే మాట నాలుక చివర నిలబడి ఉంది. దగ్గుదామా అనుకున్నాను. కుర్చీ జరుపుదామా అనుకున్నాను. సగటు మాస్టారు నావైపే చూస్తున్నాడు. పెదవులు బిగబట్టి కూర్చున్నాను. నా అంత నోరున్నదానికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

అక్క ముందుకి వంగి ఆ గీతను మొదటి నుంచి చివరిదాకా వేలితో వెంబడించింది. తర్వాత, "ఇది టమాటా కాదండి" అంది.

"మరి?" అంది ఎగ్జామినరు.

"టమాటా ధర ఇలా నడవదండి. ఒకరోజు లారీ రాకపోతే ఎగురుతుంది. మర్నాడు సరుకు గుట్టలు పడితే చతికిలబడుతుంది. ఇదేమో మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా ఒక్కసారైనా కిందకి దిగలేదు. అసలు దిగకుండా ఉండే కూరగాయ ఏ మార్కెట్టులో ఉంటుంది చెప్పండి?"

"అయితే ప్రోగ్రాము తప్పంటారా?"

నేను మనసులోనే బతిమాలుకున్నాను. అవునను అక్కా, అవునను, తేదీల దగ్గరికి వెళ్ళు.

"కాదనుకుంటానండి" అంది అక్క. "రెండు ఫైళ్ళనూ చదివింది ఒకటే ప్రోగ్రాము. తప్పు దానిదైతే రెండు గీతలూ పాడవ్వాలి కదా. రెండో మార్కెట్టు గీత శుభ్రంగా ఉంది. కాబట్టి తప్పు ఈ ఒక్క ఫైల్లోనే ఉంది."

రెండోవాణ్ణి చూడాలని ఇందాక అంత గొప్పగా చెప్పినదాన్ని నేనే. నా సొంత ప్రోగ్రాము దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నాకు గుర్తే లేదు.

అక్క వంతెన మార్కెట్టు ఫైలు తెరిచింది. తేదీలు వరసగా ఉన్నాయి. పక్కన ధరలు కూడా వరసగా ఉన్నాయి, అతి తక్కువ నుంచి అతి ఎక్కువ దాకా. అక్క నుదురు కొట్టుకుంది.

"అయ్యో రామా! ఇది నేను చేసిన పనేనండి. అన్నిటికన్నా ఎక్కువ ధర ఎంతో ఈ రోజు చెబుదామని నిన్న ఈ ఫైలు తెరిచాను. ధరల వరస ఒక్కటే పట్టుకుని చిన్నవి పైకీ పెద్దవి కిందకీ సర్దాను. పక్కనున్న తేదీల్ని కూడా కదపమంటావా అని అదేదో అడిగింది. చదవకుండా వద్దనేశాను. మూసేటప్పుడు మార్పుల్ని దాచమంటావా అంటే సరేనన్నాను."

నాకు మండిపోయింది. అన్నం తినేటప్పుడు కూడా ఆ ఫైళ్ళు తెరవొద్దని చెబుతూనే ఉన్నాను. బయటికి రానీ, పెద్దరికం గిద్దరికం చూడను, దులిపేస్తానని అక్కడికక్కడే మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాను.

"పోనీ, మళ్ళీ తేదీల ప్రకారం సర్దేయండి. సరిపోతుందిగా?" అంది ఎగ్జామినరు, అమాయకంగా.

అది వల. అందులో అక్క పడుతుందని నాకు గట్టి నమ్మకం.

"సరిపోదండి. తేదీలు కదల్లేదు, ధరలే కదిలాయి. ఏ ధర ఏ రోజుదో ఈ ఫైలుకి ఇక తెలీదు. దీన్ని బాగుచెయ్యడం కుదరదు, పారెయ్యాలి. మార్కెట్టు వాళ్ళిచ్చిన అసలు ఫైళ్ళు వేరే ఉన్నాయి. వాటిని శుభ్రం చేసే మొదటి ప్రోగ్రాము దగ్గర్నుంచి నడిపిస్తాను."

అసలు ఫైళ్ళున్న ఫోల్డరు తెరమీదికి వచ్చింది. దాని పేరు ఎగ్జామినరు పైకే చదివింది. "ముట్టుకుంటే చంపుతా. ఇది ఎవరు పెట్టిన పేరు?"

"మా చెల్లెలండి. అందుకే దాన్ని ముట్టుకోలేదు" అంది అక్క. సగటు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను నేల చూపులు చూశాను.

అక్క రెండు వేళ్ళతో టైపు చేసి మీట నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంట్లో అయితే ఈపాటికి కేక పడేది. అక్క మెడ నావైపు సగం తిరిగింది. నాకు కన్నీళ్ళొచ్చినంత పనయింది. సగంలోనే ఆగి, మళ్ళీ తెరవైపు తిరిగి, ఆ అక్షరాల్ని మెల్లగా, పెదవులు కదుపుతూ చదువుకుంది. "ఫైలు కనపడలేదంటోంది. ఓహో, నేను వేరే ఫోల్డర్లో ఉన్నాను" అని తనలో తను అనుకుని, పై ఫోల్డర్లోకి వెళ్ళి మళ్ళీ నొక్కింది.

ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. అది నడుస్తున్నంతసేపూ ఫ్యాను ఒక్కటే కొట్టుకుంటోంది. తర్వాత గీతలు గీసే ప్రోగ్రాము నడిపింది. వంతెన వైపు గీత వచ్చింది. ఎగిరింది, పడింది, మళ్ళీ ఎగిరింది, వంతెన తెరిచిన రోజు దాటాక నెమ్మదిగా కిందకి దిగి అక్కడే ఉండిపోయింది. కింద ఫలితం రిపోర్టులో ఉన్నదే, అక్షరం తేడా లేకుండా.

హమ్మయ్య! ధర పడిపోయిందని ఇంత సంతోషించినవాళ్ళు ఆ మార్కెట్టులో కూడా ఎవరూ ఉండి ఉండరు.

ఎగ్జామినరు పెన్ను మూసి నావైపు తిరిగింది. "మీరిప్పుడు మాట్లాడొచ్చు. మొదటిసారి ఆ గీత చూసినప్పుడు తప్పు ఎక్కడనుకున్నారు?"

ఫైల్లోనేనండి అంటే సరిపోయేది. నా బుర్రలో ఏముందో ఎవరు చూడొచ్చారు? కానీ అక్క కూడా తిరిగి చూస్తోంది, అసలే పాలిపోయిన మొహంతో.

"నా ప్రోగ్రాములోనే అనుకున్నానండి. నిన్న తేదీలు కలిపే చోట కొంచెం మార్చాను. మాట్లాడనిచ్చి ఉంటే అక్కని అక్కడికే పంపేదాన్ని."

"అక్కడ తప్పేమైనా ఉందా?"

"లేదండి. ఇప్పుడు సరిగ్గా నడిచిందిగా."

"వెళ్ళిరండి. ఇద్దరూ పాసయ్యారు" అంది ఆవిడ. అప్పుడు నవ్వింది.

బయటికొచ్చాక అక్క వరండా మెట్టు మీద కూలబడింది. "ఇక తిట్టు. ఎప్పట్నుంచి కూడబెట్టుకున్నావో నాకు తెలుసు" అంది.

తిడదామనే నోరు తెరిచాను. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "ఉద్యోగం వచ్చేసినట్టేనక్కా" అన్నాను.

"వచ్చేసినట్టే" అని నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏమే, నువ్వు నిజంగా నన్ను అటు పంపేదానివా?" అని అడిగింది.

"పంపేదాన్నే. ఒట్టు."

అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పంపితే నేను వెళ్ళేదాన్నే. కంప్యూటరు విషయంలో నువ్వు చెప్పాక ఇంక ఆలోచించను. టైమైపోయేదాకా అక్కడే వెతుక్కుంటూ ఉండేదాన్ని."

ఆవిడ మూలంగా నేను మునుగుతానని ఇన్నాళ్ళూ భయపడ్డాను. నా మూలంగా ఆవిడ మునిగేదని, నన్ను అంతగా నమ్మినందుకే మునిగేదని, ఒక్కనాడైనా తోచలేదు. ఆవిడ భుజం మీద తల ఆనించి, "ఇవాళ గిన్నెలు నేను కడుగుతానక్కా" అన్నాను.