రెండుసార్లు చెప్పింది

బ్యాగు నేనే సర్దాను. రెండు తెల్ల చొక్కాలు, భుజాల పట్టీలు, స్వెట్టరు, చిన్న డబ్బాలో నిమ్మకాయ పులిహోర. సాయంత్రం నాలుగింటికే, ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఎదురు టవరు పొగమంచులో కనబడకుండా పోయింది. మా కోడలు హాసిని వంటింట్లో మర్నాటి కూరలు తరిగి డబ్బాల్లో పెడుతోంది. తెల్లవారితే తొమ్మిది సీట్ల విమానంలో కో-పైలట్‌గా కూర్చోవాల్సిన మనిషి. మా అబ్బాయి ఉదయ్‌కిరణ్ హాల్లో లాప్‌టాప్ ముందునుంచే కేకేశాడు.

"చట్నీ కూడా చేసిపెట్టి వెళ్ళు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా."

నా మోకాళ్ళు వాడికి గుర్తొచ్చేది అలాంటప్పుడే.

బ్యాగు సర్దడమంటే నాకు భయం. మా నాన్న, మా చెల్లెలు, మా ఆయన, అందరికీ ఆఖరి బ్యాగు సర్దింది నేనే. అందుకే చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తుంటే హాసిని చూసి నవ్వింది. "అత్తయ్యా, ఇస్త్రీ పోతోంది. వెళ్ళేది నేను, మీకెందుకంత కంగారు?"

నేను చదివింది ఐదో తరగతి. తర్వాతదంతా పొట్లాల కాగితాలతోనూ, పిల్లల పాత పుస్తకాలతోనూ నేర్చుకున్నదే. హాసిని పైలట్ పరీక్షలకి చదివేటప్పుడు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేదాన్ని. నా ఇంగ్లీషుకి పడీ పడీ నవ్వేది కానీ, జవాబులో ఒక్క ముక్క తప్పినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. అలా నాకూ కొంత తెలిసింది. దిగేటప్పుడు ఒక ఎత్తు ఉంటుంది. అక్కడికొచ్చేసరికి రన్‌వేగానీ దాని దీపాలుగానీ కనబడకపోతే ఆలోచించేదేమీ లేదు, విమానాన్ని పైకి లేపేయాలి. దానికి 'గో అరౌండ్' అనాలి. నడుపుతున్నవాడు ఎంత పెద్దవాడైనా, పక్క సీట్లోవాళ్ళు ఆ మాట అన్నారంటే లేపాల్సిందే. వాదన కిందికి దిగాక.

అంతకు మూడు వారాల ముందు ఢిల్లీలో దిగుతూ హాసిని ఆ మాట అంది. కెప్టెన్ బక్షీ విసుక్కుంటూ పైకి లేపి జైపూర్ తీసుకుపోయాడు. విమానం అద్దెకు తీసుకున్న పెద్దమనిషికి మీటింగు తప్పిపోయింది. కంపెనీకి వెళ్ళిన ఫిర్యాదులో 'మేడమ్ భయపడింది' అని ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఉదయ్ ఫోన్లో విమానాల మ్యాప్ తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదిగో, అరగంటలో పదకొండు దిగాయి. అందరికీ కనబడిన రన్‌వే మీకే కనబడలేదా?"

"అవి పెద్ద విమానాలు ఉదయ్. వాటికవే దిగే యంత్రాలుంటాయి, వాళ్ళకి ఆ ట్రైనింగ్ ఉంటుంది. యాభై మీటర్లు కనబడినా దిగుతారు. మాకు ఐదొందల యాభై కావాలి."

"లెక్చర్ ఇవ్వకు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి నువ్వు చెప్పేదేంటి? ఇంట్లోనూ ఇంతే, ప్రతిదానికీ ఎదురు మాట. రేపెళ్ళి సారీ చెప్పు. ఉద్యోగం పోతే ఇంకెవడూ తీసుకోడు."

హాసిని నావైపు చూసింది. ప్రశ్నలు అడిగినదాన్ని కదా, జవాబు నాకు తెలుసు కదా, అందుకని చూసింది. నేనేమన్నానో రాస్తున్నాను. "పోనీలేమ్మా, పెద్దాయన. ఒక మాట అనేస్తే పోతుంది. ఇకమీదట కాస్త చూసీ చూడనట్టు ఉండు."

యాభై ఏళ్ళు మా అత్తగారి ముందు, మా ఆయన ముందు, ఆయన తమ్ముళ్ళ ముందు నేను బతికింది ఆ ఒక్క వాక్యంతోనే. మందు అనుకుని నాలో ఉన్న విషం ఆ పిల్ల చేతిలో పోశాను. హాసిని వెళ్ళి సారీ చెప్పింది. వచ్చి చపాతీలు చేసింది. ఉదయ్ మూడు తిని, "చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో" అన్నాడు.

బ్యాగు సర్దిన మర్నాడు హాసినీ, అదే కెప్టెన్ బక్షీ వెళ్ళింది తూర్పున ఒక చిన్న ఊరికి. అక్కడి విమానాశ్రయంలో మంచులో దారి చూపే సంకేతాలు లేవు. కళ్ళతో చూసుకునే దిగాలి. రన్‌వేకి కిలోమీటరు ఇవతల నీలగిరి చెట్ల తోపు ఉంది. విమానం ఆ చెట్లని తాకి పడిపోయింది.

పద్నాలుగు నెలలకి విచారణ రిపోర్టు వచ్చింది. ఉదయ్ ఆఖరి పేజీ చూసి మూసేశాడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని తొమ్మిది రోజులు చదివాను. కాక్‌పిట్‌లో రికార్డయిన మాటలు అచ్చువేశారు. హాసిని 'గో అరౌండ్' అంది. బక్షీ, "రుకో బేటా, దిఖేగా" అన్నాడు. ఆగు, కనబడుతుంది అని. ఐదు సెకన్ల తర్వాత ఆమె మళ్ళీ 'గో అరౌండ్, సర్' అంది. ఆ 'సర్' మొదటిసారి లేదు.

కారణాల పేజీలో కెప్టెన్ తప్పు మొదట రాశారు. దానికింద ఇంకో వాక్యం: కో-పైలట్ తగినంత గట్టిగా చెప్పలేదు.

ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఎంత గట్టిగా చెబితే తగినంత? మొదటిసారి గట్టిగా చెప్పినప్పుడు అందరం కలిసి పొగరన్నాం, భయమన్నాం, నోరు మూయించి పంపాం. ఇప్పుడు నోరు పెద్దది చేయలేదని అచ్చువేశారు!

"అమ్మా, వదిలెయ్" అన్నాడు ఉదయ్. "అందులో తనదీ తప్పుందని రాశారు. మనం కదిపితే దాని పరువే పోతుంది."

"దాని పరువా, నీదా?"

"నీకేం తెలుసని మాట్లాడుతున్నావ్?"

"జవాబు తెలుసురా. ఆ రోజు చెప్పలేదు."

మర్నాడు పొద్దున, విచారణ చేసినవాళ్ళకి ఉత్తరం రాశాను. తెలుగులోనే రాశాను, చదివించుకుంటారు. 'గట్టిగా చెప్పకూడదని ఆమెకు నేర్పినవాళ్ళ పేర్లు మీ రిపోర్టులో లేవు. కంపెనీలో ఫిర్యాదు తీసుకున్నవాళ్ళని మీరే అడగండి. ఇంట్లో ఇద్దరం. భర్త ఉదయ్‌కిరణ్. అత్త అన్నపూర్ణేశ్వరి, అంటే నేను. మా పేర్లు చేర్చి ఆ వాక్యం మళ్ళీ రాయండి.'

ఉదయ్ అది చదివి నాతో మాట్లాడటం మానేశాడు. మానేయనీ. కవరు మీద స్టాంపులు అంటించాను, పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్ళి రిజిస్టర్ చేయించాను. ఉత్తరం ఎవరి గురించో కౌంటర్లో ఎవరూ అడగలేదు. అది లోపల ఆఖరి పంక్తిగా ముందే రాసిపెట్టాను.

నా కోడలు హాసిని, ముప్పై ఒక్క ఏళ్ళు, ఇంటికి తిరిగి రాలేదు. 2024 జనవరి పదకొండు, గురువారం, ఉదయం ఎనిమిదీ పదిహేడు.