అర్రలో బాగైన స్పీకర్లు

పాత డాల్డా డబ్బాలో మైదా ఉడుకుతుంటే లస్మవ్వ తొంగిచూసి, "గా పిండితోని రెండు రొట్టెలు చేస్తే పిల్లలు తిందురు. డబ్బల వోసి ఉడికిస్తున్నవ్, ఏం బుద్ధే నీది" అంది. కోడలు అనసూర్య కాస్తున్నది స్పీకర్లకు అంటించే జిగురు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి కలియబెట్టింది. వామనరావు సారు స్పీకర్లు వచ్చాయని తెలిసిన నిన్న సాయంత్రం ఇదే అత్త, "జల్ది కానియ్యే, పెద్దోళ్ళతోటి పని" అంది. చేస్తే ఒక మాట, చెయ్యకపోతే ఒక మాట. తొమ్మిదేళ్ళుగా రెండూ వింటూనే ఉంది.

వామనరావుది మంథని. గోదావరిఖనిలో వర్క్‌షాపు ఆఫీసుకు ఆయనే పెద్ద గుమాస్తా. బెల్లంపల్లి నుంచి తన దేశం వెళ్ళిపోతూ ఓ ఇంగ్లీషు మేనేజరు అమ్మిన సామానులో మోకాలెత్తు చెక్క స్పీకర్లు రెండు కొనుక్కున్నాడు. ఇరవై ఏళ్ళు కమ్మగా పాడినవి ఇప్పుడు ఎలుకలు కొరికి గరగరమంటున్నాయి.

అనసూర్య వాళ్ళ క్వార్టరు ముందు బోర్డు మీద "పోశం, రేడియో స్పీకర్ రిపేర్" అని ఉంటుంది. ఆమె మొగుడు పోశం బొగ్గుగనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేస్తాడు. స్పీకర్లు బాగుచేసేది అనసూర్య. ఆమె తండ్రి ఎల్లేశం డేరా టాకీసుల స్పీకర్లు బాగుచేసేవాడు, ఆయన పక్కన కూర్చొని నేర్చుకుంది. పెళ్ళయిన రెండో ఏడు ఇంట్లో రేడియో బొంగురుపోతే విప్పి సరిచేసింది. నెల తిరగకుండా పోశం బోర్డు రాయించాడు. "ఆడిదాని పేరు రాస్తే నలుగురు నవ్వుతరు. ఎవలన్న వస్తే నువ్వు లోపలి అర్రల్నుంచి బయటికి రాకు" అన్నాడు. అప్పుడామెకు పద్దెనిమిదేళ్ళు. తను చేసిన పని బోర్డెక్కిందని సంతోషపడింది కూడా.

మొదటి స్పీకరుకు మూడు వారాలు పట్టింది. వంటకీ నీళ్ళకీ పిల్లలకీ మధ్య దొరికిన కాసింత పొద్దులోనే చేయాలి. లోపల పాట పలికే కాగితపు గరాటు అంచు చుట్టూ చీలిపోయి ఉంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లుగుడ్డను సన్నటి పట్టీలుగా కోసి, మైదా జిగురుతో వేలి కొసన అంటించుకుంటూ వచ్చింది. వెంట్రుకకంటే సన్నటి రాగి తీగతో కాయిలు చుట్టేటప్పుడు చిన్న కూతురు కొంగు పట్టి లాగితే లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టింది. ఆఖరుకు స్పీకరు మోగిన రోజు గరాటు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. పాట చెవికంటే ముందు చేతిలోకి వచ్చింది. పల్లవి అయిపోకముందే పోశం తీగ పీకేసి, దాన్ని సంచిలో చుట్టి భుజాన వేసుకొని వామనరావు ఇంటికి బయల్దేరాడు. తను బాగుచేసిన దేనిలోనూ ఒక్క పాటా పూర్తిగా వినలేదని ఆమెకు అప్పుడు తోచింది. ఆ మాట ఎవరికి చెప్పాలి? చెబితే, "పాటలు వినుకుంట కూసుంటె పొయ్యి ఎవలు ముట్టిస్తరు" అంటారు.

పోశం ఆ సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. వర్క్‌షాపులో స్పీకర్లు, మైకులు చూసే మనిషి కావాలట. వామనరావు ఇంజినీరుతో మాట్లాడాడట. రెండో స్పీకరు ఇంజినీరు ముందు బాగుచేసి చూపిస్తే, ఇక గనిలోకి దిగక్కర్లేదు, పైనే డ్యూటీ.

ఇల్లంతా ఒక్కసారి మెత్తబడింది. రెండు నెలల కిందటే పక్క క్వార్టరు ఎల్లన్న మీద గనిలో కప్పు కూలింది. ఆయన భార్య సారవ్వ ఇప్పటికీ షిఫ్టు సైరను కూస్తే వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. లస్మవ్వ మొదటిసారి కోడలికి తన చేత్తో చాయ్ పోసిచ్చి, "నా కొడుకు పాణం నీ చేతుల్నే ఉన్నది బిడ్డా" అంది. 

వారం రోజులు ఆమె పోశంకు నేర్పింది. గరాటు నడిమి మర వదులు చెయ్యాలి. దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము నుంచి కోసిన నాలుగు ముక్కలను కాయిలు చుట్టూ సందులో దూర్చాలి, కాయిలు నట్టనడుమ నిలిచాక మర బిగించి ముక్కలు తీసెయ్యాలి. దిమ్మెలు మోసి కాయలు కాసిన పోశం వేళ్ళకు ఆ ముక్క తగిలిందో లేదో కూడా తెలియలేదు. మూడోసారి పాత గరాటు చిరగగానే విసిరికొట్టాడు. "గీ సన్నపని ఆడోళ్ళది. మొగోనికి రాదు." అనసూర్య అతన్ని తేరిపార చూసింది. మొన్న వామనరావు మెచ్చుకున్నప్పుడు ఇదే పని మగవాడిది.

వామనరావు ఇంజినీరును వెంటబెట్టుకొని క్వార్టరుకు వచ్చిన ఆదివారం పోశం ఓ ఉపాయం చేశాడు. "దుమ్ము పడొద్దు సార్, గాలి తగలొద్దు. అర్రల చేసుకొస్త" అని స్పీకరు తీసుకొని లోపలికొచ్చి తలుపు దగ్గరికేశాడు. గరాటు అతకడం, కాయిలు చుట్టడం ముందే ముగించి, అనసూర్య అప్పటికే చాప మీద కూర్చుని ఉంది. అతను మంచం మీద కూర్చున్నాడు. తలుపవతల చాయ్ కప్పుల చప్పుడు. వామనరావు గొంతు: "మీరు నమ్మరు, మావాడి చేతిలో విద్య ఉన్నది."

నాలుగు ముక్కలు దూర్చింది. ఒక్క ముక్క లోపలే వదిలేస్తే చాలు, స్పీకరు మూగబోతుంది. ఆ ఆలోచన రాగానే చెయ్యి ఆగింది. సైరనుకు బయటికొచ్చే సారవ్వ ముఖం కళ్ళముందు కదిలింది. మర బిగించి, ఒక్కొక్క ముక్కా లాగేసి, రెండు బొటనవేళ్ళతో గరాటును నొక్కి చూసి అతని చేతిలో పెట్టింది. బయట పాట మొదలైంది. ఇంజినీరు, "శభాష్" అన్నాడు. అర్రలో గోడకు ఆనుకొని ఆమె పూర్తిగా విన్న మొదటి పాట అది.

పోశంకు పై డ్యూటీ వచ్చింది. ఆ రోజు నుంచి క్లబ్బువీ బడులవీ స్పీకర్లు సంచుల్లో ఇంటికి రావడం మొదలైంది. రాత్రికి రాత్రే ఆమె బాగుచెయ్యాలి, పొద్దున అతను తీసుకుపోవాలి. "ఒక్క జీవితానికి ఇది చాలు" అని పోశం తెల్లటి అంగీ తొడుక్కొని మురిసేవాడు. ఎవరి కంటా పడకుండా అర్రకు ఉన్న ఒక్క కిటికీ కూడా మూయించాడు. మూడు నెలలు గడిచాయి. ఆమె చూపు మసకబారింది. ఓ పూట చిన్నది పొరుగు పిల్లతో ఆడుకుంటూ, "మా అవ్వకేం పని రాదు, మా బాపే అన్ని చేస్తడు" అనడం వినబడింది. స్పీకరు ముందుగుడ్డ కుడుతున్న సూది ఆమె వేలిలో దిగింది.

మర్నాడు పోశం డ్యూటీకి పోయాక, అనసూర్య చాప, తీగ చుట్ట, మిగిలిన స్పీకరు తెచ్చి వాకిట్లో వేపచెట్టు నీడలో పరుచుకుంది. లస్మవ్వ పరుగున వచ్చింది. "ఏందే గిది? చూస్తరే. వాని కొలువు పోతదే."

"లోపల వెలుతురు లేదత్తా" అంది అనసూర్య. తీగ చుట్ట విప్పింది. భయం లేక కాదు. అతన్ని మళ్ళీ గనిలోకి పంపితే ఆ సైరను తనూ వినాలి. కానీ అతను పైకి రావడానికి తను అర్రలో పూడిపోవాలని ఎవరు రాశారో ఎంత వెతికినా దొరకలేదు.

మధ్యాహ్నం వామనరావు సైకిలు దిగాడు. విప్పిన స్పీకరునూ, కాయిలు మీద వంగిన ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"పోశం చేసేది నువ్వెందుకు ముట్టుకున్నవమ్మా?"

అనసూర్య చేతిలోని ఫిల్ము ముక్కను నెమ్మదిగా దూర్చి, మర బిగించి, అప్పుడు తలెత్తింది.

"ఇది నేనే చేస్తున్న సార్. మీ ఇంట్ల పాడే ఆ రెండు గూడ నేనే చేసిన."