ముటేసి దత్తత ఫైలు

నేను ఒక ఫైలును. రెండు పసుపుపచ్చ అట్టలు, మధ్యలో ఒక ట్యాగు, అంతే నా ఒళ్ళు. యుగాండాలో జింజా అనే పట్టణంలో ఒక పుస్తకాల కొట్టు అటక మీద దుమ్ము కొట్టుకుపోయి ఉండేదాన్ని. ఊళ్ళోని సంక్షేమ కార్యాలయంలో ఫైళ్ళు అయిపోయాయట. ‘దరఖాస్తుదారులే కొని తెచ్చుకోవాలి’ అన్నారట. అందుకని నూకరాజు వచ్చి నన్ను కొన్నాడు.

నూకరాజుది సామర్లకోట. ఇక్కడ పంచదార మిల్లులో కెమిస్టు. భార్య పేరు రామతులసి. పెళ్ళయి పదహారేళ్ళు, పిల్లలు లేరు. అనాథాశ్రమంలో ముటేసి అనే పాపను చూసి వచ్చారు. బస్టాండులో దొరికిన పిల్ల. ఎనిమిది నెలలుంటాయని డాక్టరు అంచనా వేశాడు. ఆ పిల్ల వాళ్ళది కావాలంటే ముందు నా కడుపు నిండాలి.

ఇంటికి తీసుకెళ్ళగానే రామతులసి నా నాలుగు మూలలా పసుపు రాసింది. మూడు నెలలు వాళ్ళ ఫ్రిజ్ మీద ఉన్నాను. తెలుగు అక్కడే వంటబట్టింది. పెళ్ళి పత్రం, డాక్టరు పత్రం, మిల్లు వాళ్ళ ఉత్తరం ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఇండియా నుంచి పోలీసు పత్రం వచ్చేసరికి డాక్టరు పత్రానికి గడువు దాటిపోయింది. మనుషులు మంచివాళ్ళని చెప్పే కాగితాలు పాలకన్నా తొందరగా విరుగుతాయి. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

చివరికి నన్ను నలుబేగ గారి బల్ల మీద పెట్టారు. ఆవిడ సంక్షేమ అధికారిణి. నా మూలల పసుపును గోటితో గీకి చూసి, ‘మరకలున్నాయి’ అని రిజిస్టరులో రాసుకుంది. తర్వాత నిబంధనలు చెప్పింది.

“ఏడాదిపాటు పిల్లను పెంపకానికి మాత్రమే ఇస్తాం. నెలనెలా వచ్చి చూస్తాను. పేపర్లో పిల్ల ఫోటో వేస్తాం. సొంతవాళ్ళు వస్తే పిల్ల వాళ్ళది. ఎవరూ రాకపోతే అప్పుడు కోర్టు.”

నూకరాజు అదంతా తెలుగులో చెప్పాడు. “ఏడాదే కదండీ. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోద్ది” అంది రామతులసి.

ముటేసి వాళ్ళింటికి వచ్చింది. పేపర్లో ఫోటో మసకగా పడింది. ఎవరూ రాలేదు. నలుబేగ గారు నన్ను చంకలో పెట్టుకుని నెలనెలా వాళ్ళింటికి వెళ్ళేది. బరువు, టీకాలు, పళ్ళు అన్నీ రాసేది. ‘బిడ్డ ఆరోగ్యంగా ఉంది’ అని నాలో పది చోట్ల ఉంది. పదిసార్లూ నిజమే.

పదకొండో నెలలో సామర్లకోట నుంచి రామతులసి తల్లి ఫోను చేసింది. “ఆడపిల్లకి బోడి చెవులేంటే? ఇప్పుడు ఇరవై మూడో నెల, బేసి నెల. కుట్టించెయ్.” పుట్టిన తేదీయే అంచనా. ఆ అంచనా మీద బేసి నెల లెక్కగట్టారు. మనుషులకు ఇలాంటివి అడ్డు రావు. ఒక కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి చెవులు కుట్టించారు. పిల్ల కాసేపు ఏడ్చి, బెల్లం ముక్క చప్పరించి ఊరుకుంది.

ఆఖరి తనిఖీకి వచ్చిన నలుబేగ గారు ఆ చెవుల దగ్గర ఆగిపోయింది. “ఎవరి అనుమతితో?” అంది.

“ఎవరినడగాలండీ? మా పిల్లకి మేం కుట్టించుకున్నాం” అంది రామతులసి.

నూకరాజు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పకుండా మింగేశాడు. కానీ నలుబేగ గారు చూసింది చూసినట్టు రాసింది: ‘కోర్టు ఉత్తర్వు రాకముందే, అనుమతి లేకుండా బిడ్డ ఒంటి మీద మార్పు.’ ఆ వాక్యం పడినప్పుడు నాకు భయం వేసింది. ఆ తర్వాత ఇప్పటిదాకా నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు.

ఏడాది నిండాక కోర్టులో, దురుద్దేశం లేదని జడ్జి ఒప్పుకున్నాడు. అయినా ఇంకో ఆరు నెలల పర్యవేక్షణ, పేపర్లో ఇంకోసారి ఫోటో అన్నాడు. “దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్లేదు” అని నూకరాజు కోర్టు మెట్ల మీద గొణుక్కున్నాడు.

ఈసారి ఫోటో స్పష్టంగా పడింది. ఐదో నెలలో కగోయా అనే ముసలమ్మ వచ్చింది. ఊరి పక్కనున్న పెద్ద సరస్సు మధ్య దీవిలో ఎండు చేపలు అమ్ముకునే మనిషి. చేపలు పొట్లం కట్టబోతుంటే ఆ పేపరు ముక్కలోని పిల్ల ఫోటోలో తన కూతురి ముఖం కనబడిందట. చంటిబిడ్డతో పట్నం పోయిన కూతురు మళ్ళీ రాలేదు. రక్తపరీక్ష చేశారు. ఆ కాగితమూ నాలోకి వచ్చింది. ముటేసి ఆమె మనవరాలే.

చెవులు కుట్టించకపోయి ఉంటే ఆరు నెలల ముందే ఉత్తర్వు వచ్చేది. ముసలమ్మకు మనవరాలు ఎప్పటికీ దొరికేది కాదు. ఇందులో ఎవరిని తిట్టాలో నాకు తెలియదు. నాలోని కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

పిల్లను అప్పగించే రోజు రామతులసి ఏడవలేదు. ఒక కాగితం తెచ్చి నా ట్యాగుకు గుచ్చింది. పెరుగన్నమే తింటుంది, ఉరుములంటే భయం, నిద్రొస్తే చెవి నలుపుకుంటుంది. ఇలాంటివన్నీ నూకరాజు చేత ఇంగ్లీషులో రాయించింది. “ఆవిడకి ఇది చదివి చెప్పమనండి” అంది. గుమస్తా జాబితా చూశాడు. అలాంటి పత్రం అందులో లేదు. ట్యాగు విప్పి, కాగితం తీసి, మర్యాదగానే తిరిగి ఇచ్చేశాడు.

నన్ను స్టోరు గదిలో పెట్టారు. పైన ఫైళ్ళు, కింద ఫైళ్ళు. మూడు నెలల తర్వాత ఒక్కసారి బయటికి తీశారు, ఆఖరి నివేదిక పెట్టడానికి. నలుబేగ గారు పడవెక్కి దీవికి వెళ్ళి చూసి వచ్చిందట. ‘బిడ్డ బరువు పెరిగింది. అమ్మమ్మ బాగా చూసుకుంటోంది. రోజూ సాయంత్రం బిడ్డ ఒకే మాట పదేపదే అంటుంది. ఏ భాషో తెలియదు. అమ్మమ్మ అన్నం పెట్టి చూసింది, నీళ్ళు ఇచ్చి చూసింది. అవి కాదంటుంది.’ ఆ కింద, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట రాసింది: ‘ఎత్తుకో’.

గుమస్తా ఆ కాగితాన్ని నాలో పెట్టి, ట్యాగు బిగించి, నన్ను మళ్ళీ అరలో పెట్టేశాడు.