మొదటి నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటని ఎవరన్నారో గానీ, ఆవిడకు మాత్రం ఇన్నేళ్లుగా కూడు పెట్టింది ఆ నవ్వే. టీవీలో వారం వారం వచ్చే హాస్య సీరియల్ అది. ఒకే ఇంట్లో అద్దెకుండే నలుగురు స్నేహితుల కథ. స్టూడియోలో ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీస్తారు. ఆ జనం వాళ్లంతట వాళ్లే నవ్వుతారని మనం అనుకుంటాం. ఎక్కడ నవ్వుతారండీ! పక్కవాడు నవ్వాక చూద్దాంలే అని బిగుసుకు కూర్చుంటారు. అందుకని ఆ మొదటి నవ్వు నవ్వడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆవిడే నవ్వులక్క. మూడో వరసలో, పైనుంచి వేలాడే మైకు కింద ఆవిడ కుర్చీ. ఆవిడ కిసుక్కుమంటే ఆ వరస నవ్వేది. ఆ వరస నవ్వితే హాలంతా గొల్లుమనేది.

షరతు ఒక్కటే. కథేమిటో ఆవిడకు ముందుగా చెప్పరు. చెబితే నవ్వు పాచిపోతుందని డైరెక్టర్ గారి నమ్మకం. ఆ షరతే ఆ రోజు కొంప ముంచింది.

ఆ రోజు ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. గడియారాలు బాగుచేసే మనిషి. చిన్నప్పటి నుంచీ నత్తి. అతను మాట మొదలుపెట్టడమే ఆలస్యం, ఎవరో ఒకరు దాన్ని నోట్లోంచి లాక్కుని పూర్తిచేసేస్తారు. అందరికంటే ముందు లాక్కునేది అక్కే. ప్రేమ కొద్దీ లెండి, కానీ లాక్కోవడం లాక్కోవడమేగా. దాంతో అతను కొట్టుకు వచ్చినవాళ్లతో కూడా తలూపుతూ, చేతులూపుతూ పని కానిచ్చేవాడు. నలుగురు చేరే చోటికి రమ్మంటే చచ్చినా వచ్చేవాడు కాదు. "ఒక్కసారి నా పని చూడరా నాన్నా. అక్కడ నువ్వు నోరు విప్పక్కర్లేదు, నవ్వితే చాలు" అని ఆవిడ బతిమాలగా బతిమాలగా ఇదిగో, ఇన్నాళ్లకు కదిలాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు పాపం.

మొదటి సీను బాగానే నడిచింది. స్నేహితుల్లో లావుపాటివాడు తాళంచెవి ఇంట్లో మర్చిపోయి తలుపేశాడు. నలుగురూ బయట ఇరుక్కుపోయి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఆవిడ నవ్వింది, హాలు నవ్వింది. తమ్ముడు కూడా నవ్వి, ఓహో నీ పని ఇదా అన్నట్టు అక్క వైపు కనుబొమలెగరేశాడు. ఆవిడకు కడుపు నిండిపోయింది.

రెండో సీనులో తలుపు తెరవడానికి తాళాలవాడు వచ్చాడు. "ఎంతసేపు పడుతుందయ్యా?" అని అడిగారు స్నేహితులు. తాళాలవాడు నోరు తెరిచాడు.

"ప... ప... ప... ప..."

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి.

"పది నిమిషాలా?" అన్నాడు లావుపాటివాడు. "పదకొండింటికా?" అంది ఇంకొకామె. "పడుకుని లేచి రావాలా?" అన్నాడు మూడోవాడు. తాళాలవాడు గుడ్లు మిటకరిస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. అక్కడే నవ్వాలి. ఎక్కడ నవ్వాలో ఆవిడకు ఒకరు చెప్పాలా! కానీ నవ్వు రాలేదు. అప్పటిదాకా హుషారుగా ఊగుతున్న తమ్ముడి మోకాలు ఆవిడ పక్కనే ఠక్కున ఆగిపోయింది. తల తిప్పి అతని మొహం చూసే ధైర్యం ఆవిడకు లేకపోయింది.

ఆవిడ నవ్వకపోయేసరికి హాల్లో ఇంకెవరూ నవ్వలేదు. "కట్!" అని డైరెక్టర్ గొంతు వినిపించింది.

సెట్టు మీద పనులన్నీ చూసుకునే ఫ్లోర్ మేనేజర్ కాలు కాలిన పిల్లిలా పరిగెత్తుకొచ్చి ఆవిడ మీదికి వంగాడు.

"ఏంటక్కా ఇది? నిద్రపోయావా?"

"గొంతు పట్టేసింది బాబూ."

"మంచినీళ్లు తాగు. పైన అద్దాల గదిలో చానల్ వాళ్లు కూర్చున్నారు. ఈమె ఎందుకు, దండగ, ఇంకొకర్ని చూడండి అంటున్నారు. ఈసారి కూడా నవ్వలేదో, నీ కుర్చీ నేను కాపాడలేను. తర్వాత నన్నని లాభం లేదు."

చిన్నగానే చెప్పాడు గానీ, పక్కవాడికి వినబడకుండా ఉంటుందా? తమ్ముడు విన్నాడు. మొగుడు పోయాక అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ కుర్చీ వల్లేనని అతనికి తెలుసు. "పద, వెళ్లిపోదాం" అని ఆవిడ గుసగుసలాడింది. అతను కదల్లేదు. అప్పటికే తలుపులు మూసేసి, షూటింగు మొదలని ఎర్ర దీపం వేసేశారు.

రెండో టేకు మొదలైంది. తాళాలవాడు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ "ప... ప... ప..." ఆవిడ నోరు తెరిచింది. ఇంట్లో పిల్లల్ని తలుచుకుంది, వంటింట్లో ఖాళీ డబ్బాల్ని తలుచుకుంది. నోరు తెరుచుకునే ఉంది గానీ, లోపల్నుంచి గాలి కూడా రాలేదు. ఏం చెప్పమంటారు! ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాటలు అయిపోయి నటులు కూడా మూడో వరస వైపు చూడసాగారు.

అప్పుడు నవ్వు వినబడింది. పెద్ద నవ్వు, పొట్టలోంచి వచ్చింది, ఎక్కడా తడబడలేదు. నత్తి మాటకే గానీ నవ్వుకు లేదు కదా! ముందా వరస కదిలింది, తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. ఆవిడ చప్పున తల తిప్పింది. తమ్ముడు మైకు వైపు మొహమెత్తి నవ్వుతున్నాడు. వేళ్లు మాత్రం కుర్చీ చేతుల్ని విరిచేసేలా పట్టుకున్నాయి. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆవిడకు.

షూటింగు అయిపోయి జనం లేస్తుంటే ఫ్లోర్ మేనేజర్ పళ్లికిలిస్తూ వచ్చాడు.

"ఎవరక్కా ఈయన? తమ్ముడా? ఇన్నాళ్లూ దాచిపెట్టావే! పైవాళ్లకు తెగ నచ్చేశాడు. వచ్చే వారం నుంచి నీ కుర్చీలో ఈయన్నే కూర్చోబెట్టమన్నారు. నీకెలాగూ గొంతు బాలేదుగా. ఉద్యోగం ఎక్కడికి పోతుంది, మీ ఇంట్లోనే ఉంటుంది." తమ్ముడి వైపు తిరిగాడు. "ఏం సార్, వస్తారా?"

తమ్ముడు నోరు తెరిచాడు.

"నా... నా... నా..."

ఫ్లోర్ మేనేజర్ తొడ చరిచి విరగబడి నవ్వాడు. "అబ్బా, అచ్చం దింపేశారు సార్! మావాడికంటే మీరే నయం!"

"నా... నా..."

ఆ నవ్వు సగంలో ఆగింది. మేనేజర్ తమ్ముణ్ణి చూశాడు, అక్కను చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాటేదో నువ్వు చెప్పేసి నన్ను గట్టెక్కించు తల్లీ అన్నట్టు ఆవిడ వైపు చూశాడు. మాట ఆవిడ నాలుక చివరే ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటాయె. పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"ఆగు బాబూ," అంది. "చెబుతున్నాడుగా."

చీపుర్లు పట్టుకుని వచ్చినవాళ్లు కూడా నిలబడిపోయారు.

"నా... నాకు న... నవ్వు రాలేదండీ. మా అ... అక్క కు... కుర్చీ పోతుందని న... నవ్వాను."

నెత్తి మీద మైకు ఇంకా కట్టేయలేదు, ఇక్కడి మాటలన్నీ పైకి వినబడుతూనే ఉన్నాయి. అద్దాల గదిలో అందరూ లేచి నిలబడి కిందికి చూస్తున్నారు. ఆవిడ తలెత్తింది.

"విన్నారుగా," అంది మైకుతో.

పైవాళ్ల జవాబు కోసం ఆవిడ ఆగలేదు. సంచి తీసుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచింది. గుమ్మం దగ్గర అతను ఆగి, ఏదో చెప్పబోయి, మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాడు. ఆవిడ సంచి కింద పెట్టి నిలబడింది.