సింహాల మేడకు సున్నపు పూత

పావగడ పాతపేటలో నేత్రావతి కుట్టు తరగతులు నడిపే మేడ 1926లో కట్టింది. మైసూరు ప్యాలెస్ చూసొచ్చిన వేరుశనగ వ్యాపారి ఒకాయన అలాంటి కమానులే కావాలని పట్టుబట్టి కట్టించాడు. మూడు కమానులు, గుండ్రటి స్తంభాలు, పిట్టగోడ మీద రెండు గచ్చు సింహాలు. ఆ వీధిలో అలాంటి ఇళ్లు ఇంకో ఆరు ఉన్నాయి. నేత్రావతి దాన్ని ఆరేళ్ల కిందట కొనుక్కుంది.

మొన్నటి వానకు నడిమి కమాను మీది పెచ్చు ఊడి మెట్ల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పైనుంచి కిందిదాకా బీట కనిపించింది. మున్సిపాలిటీ ఇంజనీరు భరత్‌కుమార్ వచ్చి నోటీసు అంటించాడు.

"పదైదు దినాల్లో సరిచేయకుంటే కూల్చాల్సిందే మేడమ్. అందాకా లోపలికి ఎవుర్నీ రానీయొద్దు."

ఇద్దరు మేస్త్రీలు చూసి కూల్చెయ్యమనే అన్నారు. అప్పుడు కుట్టు నేర్చుకునే ఒకమ్మాయి తన అత్త పుట్టమ్మను పిలుచుకొచ్చింది. పుట్టమ్మ బలసముద్రం దగ్గర సోలార్ పలకలు కడిగే పనికి పోతుంది. ఆమె తండ్రి సున్నం మేస్త్రీ. పెళ్లయ్యేదాకా ఆయన పక్కనే గచ్చు పని చేసింది.

నిచ్చెనెక్కి, సుత్తి పిడితో తట్టి చెవి ఆనించింది పుట్టమ్మ.

"ఈ సిమెంటు ఎవురు పూసిరి?"

"కొన్నప్పుడు నేనే పూయించినాను అక్కా. గట్టిగా ఉంటాదని."

"దాంతోనే తేమ బయటికి పోయే దారి మూసుకొనిండాది. బీట సిమెంటుదో కమానుదో గీకితే తెలుస్తాది."

తన ఇంటిని తానే పాడు చేసుకుందా? పుట్టమ్మ ఉలి దెబ్బలకు సిమెంటు పలకలు పలకలుగా ఊడిపడుతుంటే చూడలేక నేత్రావతి వీధివైపు తిరిగి నిలబడింది.

"ఎక్కి చూడు నేత్రమ్మా! ఒక్క ఇటిక కదల్లేదు. బీటంతా పైపూతకే."

నేత్రావతి ఎక్కింది. విసనకర్రలా పేర్చిన ఇటుకల మధ్య వెంట్రుక దూరే సందు లేదు. వాటి మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత నిచ్చెన మీదనుంచే ఇంజనీరుకు ఫోన్ చేసింది.

భరత్‌కుమార్ వచ్చి ఇటుకల అతుకు అతుకూ పొడిచి చూశాడు. "నేను తప్పుగా అనుకొనినాను మేడమ్. పూత పని కానీండి, నోటీసు తీసేస్తా."

పుట్టమ్మ సోలార్ పనికి సెలవు పెట్టింది. నానిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పూసింది. అన్నాళ్లూ ఆడపిల్లలు ఎదురింటి అరుగు మీద కుట్టుకున్నారు. పదమూడోనాడు నోటీసు ఊడింది. మిషన్లు లోపలికి చేరాయి. ఆ రాత్రి నేత్రావతి కంటినిండా నిద్రపోయింది.

మరునాడు పుట్టమ్మ పనిముట్లు కడుక్కుంటుంటే, మూడో ఇంటి పెద్దతిమ్మప్ప వచ్చి నిలబడ్డాడు.

"మా స్తంభాలకీ సిమెంటే పూసినాం పుట్టమ్మా. ఒకసారి వచ్చి చూస్తావా?"

"కాఫీ తాగి వస్తా పదన్నా," అంది పుట్టమ్మ.