రాజు చేతిలో గిన్నెలు

మా ఆయన నాగభూషణం గారు రిటైరైన ఇంజనీరు. తప్పు కనబడితే సరిచేయందే ఆయనకు ముద్ద దిగదు. అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని నేను కొన్ని నెలలపాటు ఒక తప్పుని సాగనిచ్చాను.

మా ఒక్కగానొక్క కొడుకు ఆదర్శ్ కిందటి చలికాలంలో వెర్రిబీ అనే దూరపు ఊరి దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. కర్మలన్నీ అక్కడే జరిగాయి. ఎడ్మండ్‌సన్ పార్క్ పేటలోని మా ఇంటికి తిరిగొచ్చి, మైల తీరాక గుడికి వెళితే, సంగతేమీ తెలియని పంతులుగారు అలవాటు కొద్దీ అర్చనలో మా ముగ్గురి పేర్లూ చదివారు. ఆదర్శ్ నామధేయస్య అని, వాడికి ఆయురారోగ్యాలు కలగాలని. నేను నోరు మెదపలేదు. ఆ తర్వాత ప్రతి వారమూ గుళ్లో వినబడే ఆ ఒక్క పిలుపు కోసమే బతికేదాన్ని.

వాడు యూనివర్సిటీలో ఈజిప్టు చరిత్ర చదివాడు. అదేం కూడు పెడుతుందని వాళ్ల నాన్న సణిగేవారు. వాడు నన్ను మ్యూజియంకి లాక్కెళ్లి, పాతకాలపు గుడిగోడ ముక్క ఒకటి చూపించేవాడు. దానిమీద రాజు రెండు చేతుల్లో ద్రాక్షసారా గిన్నెలు పట్టుకుని దేవుడికి అందిస్తుంటాడు.

"రాజు అన్ని గుళ్లకీ ఎలా వెళ్తాడమ్మా? రోజూ పెట్టేది పూజారే, పేరు మాత్రం రాజుది. సేమ్ మన అర్చనలాగే" అనేవాడు. పేరున్నంత కాలం, చచ్చిపోయిన రాజు కూడా గోడమీద నైవేద్యం పెడుతూనే ఉంటాడట.

మొన్న శనివారం పంతులుగారు నా పేరు చదివి ఆగారు. తల దించుకుని, తర్వాతి మంత్రంలోకి వెళ్లిపోయారు. కారెక్కాక, పంతులుగారికి మీరే చెప్పారా అని మా ఆయన్ని అడిగాను.

"పోయినవాడికి ఆయుష్షు అడుగుతుంటే వినలేకపోతున్నాను విద్యా" అన్నారు.

ఆయన బాధ అబద్ధం కాదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి వద్దు, మ్యూజియంకి పోనివ్వమన్నాను.

కొడుకు బతికుండగా ఒక్కసారీ అక్కడ అడుగుపెట్టని మనిషి ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డారు. రాజు చేతుల్లో గిన్నెలు అలాగే ఉన్నాయి. ముఖం చెక్కుచెదరలేదు. పక్కన పేరు చెక్కే కోడిగుడ్డు ఆకారపు గీత లోపల మాత్రం అన్నీ ఉలిదెబ్బలే.

"ఎవరీ రాజు?" అని అడిగారు.

"తెలీదండీ. పేరు కొట్టేశారుగా" అన్నాను.