పదకొండింటికి చూసిన కుంట

బడిలో పక్షుల లెక్కింపు పెట్టారని, శనివారం తెల్లవారకముందే ఎల్సీ తన తండ్రి థామస్‌ను లేపి హత్నూర చెరువు గట్టు మీదికి లాక్కుపోయింది. మంచు విడిచేసరికి నీళ్లలో ఎర్రకాళ్ల కొంగలు గుంపుగా నిలబడి ఉన్నాయి. గూడబాతులు బారుతీరి చేపలను తరుముతున్నాయి. ఎండెక్కేకొద్దీ ఒక్కొక్క గుంపూ ఎటో లేచిపోయింది. పదకొండింటికి గట్టు మీద కాకులు, రెండు గోరింకలు మిగిలాయి. ఎల్సీ సంబరంగా నోటుబుక్కు మూసింది. థామస్‌కు మాత్రం తను పదకొండింటికే చూసిన మరో కుంట గుర్తుకొచ్చింది.

అతని ఉద్యోగం కొత్త ఫ్యాక్టరీలకు పర్యావరణ రిపోర్టులు రాయడం. మూడేళ్ల కింద, పటాన్‌చెరు దగ్గర ఒక కుంటలో పిట్టలున్నాయో లేవో చూసి రమ్మంటే, ఆఫీసు బండిలో పదకొండింటికి దిగాడు. పిట్టలు కూడా జనరల్ షిఫ్టు డ్యూటీకి వస్తాయనుకున్నాడు మహానుభావుడు. అరగంట తిరిగి, కాకులు, గోరింకలు తప్ప చెప్పుకోదగ్గ పక్షులు లేవని రాసి సంతకం పెట్టాడు. అబద్ధం రాయలేదు, చూసిందే రాశాడు. ఆ తర్వాత ఈ శనివారం దాకా ఆ కుంట ఊసే అతనికి గుర్తు రాలేదు.

మరునాడు ఆదివారం చర్చికి పోయే ముందు, ఆరింటికే, అక్కడికి పోయాడు. ఒక్క పిట్టయినా మిగిలి ఉండకపోతుందా అని ఆశ. పిట్ట సంగతి తర్వాత, కుంటే లేదు. మొరం పోసి చదును చేసి, చుట్టూ ఫ్యాక్టరీ గోడ లేపారు. గేటు ముందు ఊడుస్తున్న మల్లవ్వ, ఆ ఊరి మనిషే, ఏం వెతుకుతున్నావని అడిగింది. ఇక్కడ పిట్టలుండేవా అన్నాడు థామస్.

"మస్తుగుండె సార్. తెల్లారంగ వస్తే నీళ్లు కనబడకపోతుండె, అన్ని పిట్టలు. ఫ్యాక్టరీ గురించి మీటింగు పెట్టిన్నాడు ఊరోళ్లమంతా గదే చెప్పినం. లేవని ఎవరో సదువుకున్న సారు రాసిండంట. మాది నోటిమాట, ఆయనది కాయిదం."

ఆమె ఆ సారును తిట్టిందా అంటే తిట్టనూ లేదు. పాపం, పొద్దుగాల రమ్మని ఆయనకెవరూ చెప్పలేదేమో అని తనే సర్దిచెప్పింది. నాలుగు తిట్లు తిట్టినా థామస్‌కు కాస్త ఊపిరాడేది.

"ఆయనెవరో నీకేమన్న ఎరుకనా సార్?"

"ఎరుక లేదమ్మా" అన్నాడు థామస్.

ఆనాడు తెలియక రాశాడు, ఈ మాట తెలిసే అన్నాడు. మల్లవ్వ మళ్లీ చీపురందుకుంది. ఆ సారు నేనేనమ్మా అని చెప్పడానికి అప్పటికీ వ్యవధి ఉంది. థామస్ బండి స్టార్ట్ చేసి చర్చికి పోయాడు.